మూడంతస్తుల పొడుగిల్లు, ఒక్క నెట్‌వర్కు: బరంపురం వైరింగ్ డైరీ

సావిత్రి అమావాస్య వారం

ఒడిశాలోని పాత బరంపురం వీధులు చూసినవాళ్లకి మా ఇంటి వాలకం వేరే చెప్పక్కర్లేదు. వెడల్పు పదహారడుగులు. పొడుగు మాత్రం వీధి గుమ్మం నుంచి వెనక సందు దాకా తొంభై అడుగుల పైమాటే. రెండు పక్కలా ఉమ్మడి గోడలు. వీధి గది, నడవ, దేవుడి గది, వంటిల్లు, పెరడు, నుయ్యి, ఆ వెనక మగ్గం గది. కింది భాగం తాతగారి కాలంలో ఇటుకా సున్నంతో కట్టింది, గోడ మందం అడుగున్నర. పైన రెండంతస్తులూ స్లాబు. డాబా మీద ఒక గది.

ఇంటర్నెట్ ఫైబర్ వీధి గదిలోకి వస్తుంది. కంపెనీవాళ్లు బిగించిన ఓఎన్‌టీ పెట్టె (ఫైబర్‌లో వచ్చే వెలుతురుని ఇంటి నెట్‌గా మార్చేది) అక్కడే గోడకి ఉంది. అందులో ఉన్న వైఫైతోనే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాం. ఫోన్‌లో సిగ్నల్ కొలిచే యాప్ వేసుకుని ఇల్లంతా తిరిగాను. పెట్టె పక్కన మైనస్ 35 డీబీఎం. నడవ దాటేసరికి మైనస్ 64. వంటింట్లో మైనస్ 78. మగ్గం గదిలో 5 గిగాహెర్ట్జ్ కనబడనే లేదు, 2.4 మాత్రం మైనస్ 88 దగ్గర కొట్టుమిట్టాడుతోంది. మైనస్ పక్కనున్న అంకె ఎంత తక్కువైతే సిగ్నల్ అంత బలం. వీడియో కాల్ తెగకుండా నడవాలంటే మైనస్ 67 కన్నా మెరుగ్గా ఉండాలని నెట్‌వర్కు పనివాళ్లు పెట్టుకునే లెక్క. ఆ లెక్కన మా ఇంట్లో మూడొంతుల భాగానికి నెట్ లేనట్టే.

ఎవరికి ఎక్కడ కావాలో కాగితం మీద రాసుకున్నాను. నాన్నగారికి కింద టీవీ. రెండో అంతస్తులో తమ్ముడు ఇంటి నుంచే హైదరాబాద్ కంపెనీ పని చేస్తాడు. మగ్గం గదిలో బాబాయి నేసిన పట్టుచీరలని మరదలు వీడియో కాల్‌లో విశాఖపట్నం, విజయనగరం వాళ్లకి చూపించి అమ్ముతుంది. అంచు మీద కుంభం నేత దగ్గరగా చూపించే సమయానికే బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోతుంటే బేరం ఎలా కుదురుతుంది?

ఇక మా పాప. బడిలో ఒడియా, ఇంగ్లీషు, హిందీ చెబుతారు. తెలుగు చదవడం రాయడం వారానికి మూడు సాయంత్రాలు శ్రీకాకుళంలో ఉన్న మాస్టారి దగ్గర, ఆన్‌లైన్‌లో. గుణింతాలు దాటి ఇప్పుడిప్పుడే ఒత్తులు నేర్చుకుంటోంది. మాస్టారు పలికినది సగంలో తెగి, పిల్ల "ఏంటండీ? మళ్లీ చెప్పండి" అని అడుగుతూ కూర్చుంటే నాకు మనసు ఉండబట్టదు. ఈ పని తలకెత్తుకున్నది ముందుగా ఆ పిల్ల కోసమే.

రిపీటర్ల జోలికి పోదలచుకోలేదు. గుమ్మంలో చెప్పిన మాటని నడవలో ఒకరు విని పెరట్లో వాళ్లకి మళ్లీ చెప్పినట్టు ఉంటుంది వాటి పని. ఒకే రేడియోతో వినడమూ చెప్పడమూ చేస్తాయి కాబట్టి ప్రతి మజిలీకీ వేగం సగానికి సగం పడిపోతుంది. ఒకదానితో ఒకటి కలిసి పనిచేసే మెష్ వైఫై పెట్టెలైనా వాటి మధ్య తీగ లేకపోతే అడుగున్నర సున్నపు గోడ దగ్గర అదే కథ. మా ఇంటికి ఒకటే పద్ధతి అనుకున్నాను: అంతస్తు అంతస్తుకీ తీగ లాగాలి, గాలిలో పోయే దూరం ఒక గది లేదా రెండు గదులకి మించకూడదు.

కేబుల్ కొనుగోలు

మెట్ల కింద అర నెట్‌వర్కుకి గుండెకాయ. ఇంటికి సరిగ్గా మధ్యలో ఉంది. ప్రతి గది తీగా నేరుగా అక్కడికే రావాలి, ఒక గది నుంచి ఇంకో గదికి గొలుసుకట్టుగా పోకూడదు. ఒక తీగ పాడైతే ఆ ఒక్క గదే ఆగాలి. ఒక్కో చోటికి రెండేసి తీగలు. రెండోది ఇవాళ అక్కర్లేకపోయినా సరే. గోడ మళ్లీ పగలగొట్టే ఖర్చుతో పోలిస్తే తీగ ఖరీదు లెక్కలోది కాదు.

క్యాట్ 6 రకం నెట్‌వర్కు తీగ పెట్టె 305 మీటర్లు వస్తుంది. కొనేవాళ్లకి ఒక్క మాట. రెండు పెట్టెల మీదా అచ్చు అదే పేరుంటుంది, ధర చూస్తే ఒకటి రెండోదానికి సగం ఉంటుంది. సగం ధరది రాగి పూత పూసిన అల్యూమినియం. దుకాణంలోనే చివర ఒక అంగుళం తొక్క తీసి, లోపలి సన్న తీగని బ్లేడుతో గీకి చూశాను. చవక దాంట్లో ఎర్ర పూత లేచిపోయి లోపల తెల్లగా మెరిసింది. ఖరీదైనది ఎంత గీకినా ఎర్రగానే ఉంది. రెండుసార్లు అటూ ఇటూ వంచితే అల్యూమినియం తీగ పుటుక్కున విరిగింది. మనం ఈ తీగలోనే కరెంటు కూడా పంపబోతున్నాం కాబట్టి ఇది చిన్న విషయం కాదు. అల్యూమినియానికి నిరోధం ఎక్కువ. వోల్టేజీ దారిలోనే పడిపోతుంది, తీగ వేడెక్కుతుంది, జాకులో నొక్కిన చోట కాలక్రమంలో వదులవుతుంది. నికరమైన రాగి, 23 గేజ్, తీసుకున్నాను.

డాబా మీదికి మాత్రం నల్ల తొక్కది వేరేగా కొన్నాను. లోపల వాడే బూడిదరంగు పీవీసీ తొక్క ఎండకి పెళుసెక్కి పగులుతుంది. గోపాల్‌పూర్ సముద్రం ఎంతో దూరం లేదు, ఉప్పుగాలి పగుళ్లలోంచి రాగిని పచ్చగా తినేస్తుంది.

రజ పండగ

పెరట్లో మట్టి తవ్వకం మొదలుపెడదామనుకునేసరికి రజ వచ్చింది. భూమాతకి విశ్రాంతి రోజులు. మొదటి రోజు పహిలి రజ నుంచి చివరి రోజు వసుమతి స్నానం దాకా ఇక్కడ ఎవరూ గునపం పట్టరు, నాగలి కట్టరు. మేమూ ఆ మాట మీరం. వీధి చివర చెట్టుకి ఉయ్యాల కట్టారు, పక్కింటి నుంచి పొడ పిఠా అనే పిండివంట వచ్చింది. పాప కొత్త గౌనేసుకుని సాయంత్రాలు ఉయ్యాల దగ్గరే.

నేను నేలని ముట్టుకోని పనులు చూసుకున్నాను. గోడల మీద సుద్దముక్కతో పైపు దారులు గీశాను. కరెంటు పైపుకీ మన పైపుకీ మధ్య అడుగు ఎడం. తప్పనిసరిగా దాటాల్సిన చోట అడ్డంగా, లంబకోణంలో దాటాలి, పక్కపక్కన పోకూడదు.

మగ్గం గదికి ఏ తీగ వేయాలన్నది చాలా ఆలోచించాను. దూరం ముప్పై మీటర్లు కూడా లేదు. రాగి తీగ వంద మీటర్ల దాకా పోతుంది కాబట్టి క్యాట్ 6 సరిపోతుంది. అయినా ఫైబర్ వేయాలనే నిశ్చయించాను. కారణం పిడుగు. జ్యేష్ఠం నుంచి మా దగ్గర ఉరుములు ఎలా ఉంటాయో ఇక్కడివాళ్లకి తెలుసు. దగ్గర్లో పిడుగు పడితే చాలు, రెండు కట్టడాల మధ్య పరిచిన రాగి తీగలోకి వోల్టేజీ ఎగదన్ని రెండు వైపులా ఉన్న పెట్టెలనీ కాల్చేస్తుంది. గాజు పోగులో వెలుతురే తప్ప కరెంటు పారదు. ఫైబర్ డ్రాప్ కేబుల్ పక్కన బిగువు కోసం ఉండే ఉక్కు తీగని రెండు చివర్లా గోడ బయటే కత్తిరించేస్తే ఆ లోహం లోపలికి రాదు.

రథయాత్ర ముందు

పెరట్లో అడుగున్నర లోతు కాలవ తవ్వి నల్ల హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపు పరిచాం. నూతి పక్కన తడి ఎప్పుడూ ఉంటుంది, అందుకని అక్కడ జాయింటు రాకుండా ఒకే ముక్క. పూడ్చేముందు పైపులో నైలాన్ తాడు వేసి ఉంచాం. రేపు ఇంకో తీగ కావాలంటే ఆ తాడుకి కట్టి లాగడమే.

ఇంట్లో పైపులకి ఎలక్ట్రీషియన్ భాయినా వచ్చాడు. గోపాల్‌పూర్ వైపు మనిషి. తెలుగు అర్థమవుతుంది, ఒడియాలో జవాబిస్తాడు. నేను తెలుగులోనే చెబుతాను, పని సాగిపోతుంది. కొత్త పైపంతా 25 మిల్లీమీటర్లది తీసుకున్నాం. రెండు క్యాట్ 6 తీగలు పోయాక కూడా సగం ఖాళీ ఉండాలి. మలుపుల దగ్గర ఎల్బో వద్దు, పొడుగు వంపున్న బెండే వేయమన్నాను. క్యాట్ 6 తీగని దాని మందానికి నాలుగు రెట్ల కన్నా బిగువైన వంపులో తిప్పకూడదు, అంటే ఒక అంగుళం వ్యాసార్ధం. అంతకన్నా ముడిస్తే లోపల రెండేసి చొప్పున మెలేసి ఉన్న సన్న తీగల జంటలు పురి విడిపోతాయి.

"స్లాబులో పాత పైపు ఉంది కదా బాబూ, అందులోంచి లాగేద్దాం" అన్నాడు భాయినా. మొదటి అంతస్తు కట్టినప్పుడు ఫోన్ తీగ కోసం మేస్త్రీ వేసిన పైపు అది. స్ప్రింగు దూర్చి చూస్తే అవతలికి తేలింది. తీగ చివర తొక్క తీసి స్ప్రింగు కొక్కేనికి మెలేసి, టేపు సన్నగా చుట్టి, పౌడరు రాశాం. కింద నుంచి నేను తోస్తుంటే పై నుంచి ఆయన లాగాడు. తీగ మీద మీటరు మీటరుకీ అంకె అచ్చేసి ఉంటుంది. మొదట్లో ఎంతుందో, లాగాక ఎంతుందో రాసుకుంటే ఎంత ఖర్చయిందో అదే చెబుతుంది.

రథం రోజు పని లేదు.

బాహుడా (తిరుగు రథయాత్ర) తర్వాత

జాకులు కొట్టే పని, అంటే తీగ కొసలకి గోడ సాకెట్లు బిగించడం. ఇదంతా కూర్చుని చేసేది, నాకు బాగా ఇష్టమైనది. గోడ డబ్బాలో ఆరంగుళాల తీగ వదిలి, రెండంగుళాల తొక్క తీసి, నాలుగు జంటలు విడదీసి, కీస్టోన్ జాకు మీద రంగులు చూసుకుంటూ పంచింగ్ టూల్‌తో ఒక్కొక్కటీ దించాను. టప్పున చప్పుడు రాగానే మిగిలిన కొస తెగి పడుతుంది. జంటల పురి జాకు అంచు దాకా ఉంచాలి, అరంగుళం మించి విప్పకూడదు.

రంగుల వరుస బీ పద్ధతి: తెల్లనారింజ, నారింజ, తెల్లపచ్చ, నీలం, తెల్లనీలం, పచ్చ, తెల్లగోధుమ, గోధుమ. ఇందులో నీలం జంట మధ్యలో కూర్చుని పచ్చ జంట దానికి అటూ ఇటూ చీలి ఉండటం చాలామందికి వింతగా తోస్తుంది. భాయినా ఇదివరకు పనుల్లో జంట పక్కన జంటగా పెట్టేవాడట. రెండు వైపులా అదే వరుస పెడితే టెస్టరు ఎనిమిది దీపాలూ సక్రమంగా వెలిగిస్తుంది కూడా. కాని సిగ్నల్ జాకులోని 3, 6 కాళ్లని (పిన్నులని) ఒక జంటగా వాడుకుంటుంది. ఆ రెండు కాళ్లకీ ఒకే పురిలోని తీగలు లేకపోతే పక్క జంట రొద ఇందులోకి దిగుతుంది. తక్కువ దూరంలో ఏదోలా నడుస్తుంది, ఎక్కువ దూరంలో తప్పులు మొదలవుతాయి. చవక టెస్టరు ఈ సంగతి పట్టుకోలేదు. కాగితం మీద బొమ్మ గీసి చూపిస్తే ఆయన వెంటనే అందుకున్నాడు. "హఉ (సరే), ఇకనుంచి ఇలాగే" అని తన డబ్బా మూత లోపల రంగుల వరుస రాసుకున్నాడు.

పాత స్లాబు పైపులోంచి వచ్చిన తీగకి మాత్రం తేడా వచ్చింది. నెట్‌వర్కు స్విచ్చికి (తీగలన్నిటినీ కలిపే పెట్టెకి) కలిపితే పోర్టు దగ్గర పచ్చ దీపానికి బదులు నారింజ దీపం. గిగాబిట్ రాలేదు, 100 ఎంబీపీఎస్ దగ్గర ఆగింది. ఇది పనికొచ్చే గుర్తు. 100 వేగానికి 1, 2, 3, 6 కాళ్లు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. కనుక తీగ బతికే ఉంది, 4-5 గాని 7-8 గాని చచ్చింది. టెస్టరులో 7 వెలగలేదు. జాకులు రెండు చివర్లా మార్చి చూశాను, మార్పు లేదు. మెట్ల దగ్గర ప్లాస్టరు కొద్దిగా తీస్తే కనబడింది: పాతకాలం ఎల్బో, లోపల సిమెంటు పలుకు గట్టిపడి ఉంది. లాగేటప్పుడు తెల్లగోధుమ తీగ దానికి ఒరుసుకుని తెగింది. ఎల్బో కోసి బెండు వేసి, చెడిన తీగ కొసకే కొత్త తీగ కట్టి లాగాం. అది బయటికి పోతూ ఇది లోపలికి వచ్చింది. పచ్చ దీపం వెలిగింది.

శ్రావణం మొదట్లో

మగ్గం గది ఫైబర్ కొసలు వెల్డింగు చేయడానికి కేబుల్ టీవీ కుర్రాడు ఫ్యూజన్ యంత్రం తెచ్చాడు. కొసలకి నీలం కనెక్టర్లు వేయించాను. ఓఎన్‌టీకి వచ్చే పచ్చ కనెక్టరు మొహం వాలుగా అరగదీసి ఉంటుంది, నీలందానికి వాలు ఉండదు. ఫైబర్ వెలుతురుని రాగి తీగ సిగ్నల్‌గా మార్చే మీడియా కన్వర్టర్లు నీలం అడుగుతాయి. రెండూ కలిపితే మొహాలు ఆనవు, వెలుతురు నష్టపోతుంది. ఒకే పోగు మీద పోనూ రానూ నడిచే కన్వర్టర్లని జతగా కొనాలి. 'ఏ' రకంది 1310 నానోమీటర్ల వెలుతురులో పంపి 1550లో అందుకుంటే, 'బీ' రకంది తలకిందులుగా చేస్తుంది. రెండూ 'ఏ' రకానివే తెచ్చుకుంటే దీపమే వెలగదు.

మెట్ల కింద అరలో గోడకి చిన్న ర్యాకు, పైన గదుల తీగలన్నీ వచ్చి దిగే ప్యాచ్ ప్యానెల్, కింద ఎనిమిది పోర్టుల పీఓఈ (తీగలోనే కరెంటు పంపే) స్విచ్చి. సీలింగుకి బిగించే యాక్సెస్ పాయింట్లకి (వైఫై వెదజల్లే పెట్టెలకి), ఫైబర్ మీదున్న మగ్గం గదిది తప్ప, వేరే కరెంటు ప్లగ్గు అక్కర్లేదు, అదే తీగలో కరెంటు వెళుతుంది. 802.3ఏఎఫ్ పద్ధతిలో స్విచ్చి ఒక్కో పోర్టుకి 15.4 వాట్ల దాకా ఇస్తుంది, అవతలి కొసకి కనీసం 12.95 చేరుతుంది. కొనేముందు స్విచ్చి మొత్తం ఎన్ని వాట్లు ఇవ్వగలదో చూసుకోవాలి. పోర్టులు ఎనిమిదీ పీఓఈ అని రాసి ఉన్నా అన్నిటికీ ఒకేసారి సరిపడే శక్తి ఉండకపోవచ్చు.

ఓఎన్‌టీని బ్రిడ్జి మోడ్‌లో, అంటే రౌటర్ పని మాని నెట్‌ని అందించడం మాత్రమే చేసేలా, పెట్టమని కంపెనీవాళ్లని అడిగాను. కుదరదన్నారు. మరీ పట్టుపట్టలేదు. రౌటర్ పని దాన్నే చేయనిచ్చి, దాని వైఫై ఆపేశాను. అందులోంచి ఒక తీగ మెట్ల కింద స్విచ్చికి. యాక్సెస్ పాయింట్లన్నీ ఏపీ మోడ్‌లోనే, అంటే రౌటర్ పని చేయవు. ఇంట్లో ఐపీ అడ్రసులు పంచే పెద్ద ఒక్కరే ఉండాలి. ఇంకో రౌటర్ని కూడా అడ్రసులు (డీహెచ్‌సీపీ) పంచనిస్తే తమ్ముడి లాప్‌టాప్‌కి ప్రింటర్ కనబడదు, టీవీకి ఫోన్ కనబడదు, ఎవరు ఏ గొడుగు కింద ఉన్నారో వెతుక్కోవాలి.

ఛానళ్ల సర్దుబాటు

యాక్సెస్ పాయింట్లని ఒకదాని నెత్తిన ఒకటి రాకుండా పెట్టాను. కింద నడవ వెనక భాగంలో, మొదటి అంతస్తులో వీధి వైపు, రెండో అంతస్తులో మళ్లీ వెనక. స్లాబు ఇనుము సిగ్నల్‌ని బాగానే మింగుతుంది కాని పూర్తిగా కాదు. మిగిలిన కాస్తా పక్క అంతస్తు ఖాళీ మూలకి పనికొస్తుంది. మగ్గం గదికి విడిగా ఒకటి.

పేరూ పాస్‌వర్డూ అన్నిటికీ ఒకటే, ఛానళ్లు వేరు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాన్నొకటి తాకనివిగా మామూలుగా వాడేవి 1, 6, 11. వరసగా మూడంతస్తులకీ ఇచ్చి, మగ్గం గదికి మళ్లీ 1. వెడల్పు 20 మెగాహెర్ట్జ్ దాటనివ్వలేదు. ఉమ్మడి గోడల వీధిలో పక్కిళ్ల వైఫైలు అప్పటికే కిక్కిరిసి ఉన్నాయి. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు ఎక్కువ. 2018 అక్టోబరు నుంచి మన దేశంలో 5150 నుంచి 5350 దాకా, 5470 నుంచి 5875 దాకా లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. 36, 149 ఛానళ్లని అంతస్తు మార్చి అంతస్తుకి ఇచ్చాను. మధ్యలో రాడార్ వినబడితే ఖాళీ చేయాల్సిన ఛానళ్లున్నాయి, వాటి జోలికి పోలేదు.

అన్నిటికన్నా తేడా చూపించింది పంపే బలం తగ్గించడం. పెట్టగానే అన్నీ పూర్తి బలంతో ఉన్నాయి. నాన్నగారి ఫోన్ మేడ మీద నుంచి కిందికి దిగినా పైదాన్నే పట్టుకుని వేలాడేది. ఫోన్ ఎప్పుడు మారాలో ఫోనే నిర్ణయించుకుంటుంది, సిగ్నల్ బాగా పడితే గాని కదలదు. 2.4 బలం బాగా తగ్గించి, 5 గిగాహెర్ట్జ్‌ని మధ్యస్థంగా ఉంచి, ఫోన్ మారడానికి సాయపడే 802.11కే, వీ సెట్టింగులు రెండూ వేశాను. ఇప్పుడు మెట్ల మలుపులో మారుతోంది. మాట్లాడుతూ దిగితే వినేవాళ్లకి తెలియడం లేదు. మగ్గం గదిలో మైనస్ 48, వంటింట్లో మైనస్ 57.

మరదలు మొన్న మగ్గం పక్కనే ఫోన్ నిలబెట్టి ముప్పావుగంట చీరలు చూపించింది. "బావగారూ, జరీ మెరుపు కూడా తెలుస్తోందట" అంది. బాబాయి ఏమీ అనలేదు గాని ఆ రోజు ఆ మూల బల్బు మార్పించి ఇంకా వెలుతురుది వేయించుకున్నాడు.

కరెంటు పోయినప్పుడు

2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఆ తర్వాత రోజుల తరబడి చీకట్లో ఉన్న ఊరు మాది. అందుకే ఇక్కడ బ్యాటరీ ఆలోచన లేకుండా ఏ పనీ పూర్తయినట్టు కాదు. మెట్ల కింద అరకి ఇన్వర్టర్ లైను లాగాం. ఇన్వర్టర్ వెనక మీటని యూపీఎస్ వైపు పెట్టాలి. రెండో వైపు ఉంటే కరెంటు మారే క్షణంలో స్విచ్చి ఆరి మళ్లీ వెలుగుతుంది, నెట్ రావడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఓఎన్‌టీ వీధి గదిలో దూరంగా ఉంది కాబట్టి దానికి విడిగా 12 వోల్టుల చిన్న యూపీఎస్. అన్నీ కలిపి 70 వాట్ల లోపే తింటున్నాయి. పంకాలు వేయకపోతే 150 ఏహెచ్ బ్యాటరీ మీద రాత్రంతా నడుస్తుంది.

స్తంభాల మీది ఫైబరే తెగితే మన బ్యాటరీ ఏం చేయలేదు. దానికి సిమ్ వేసే 4జీ రౌటర్ ఒకటి పక్కన పెట్టాను. దాని అడ్రసు కూడా ఓఎన్‌టీ లాగే 192.168.1.1 అని పెట్టి, వైఫై ఆపి ఉంచాను. ఆ రోజు స్విచ్చిలోంచి ఓఎన్‌టీ తీగ తీసి దీని తీగ పెడితే చాలు. పేర్లు, పాస్‌వర్డులు, టీవీ, కెమెరా ఏవీ ముట్టుకోనక్కర్లేదు. ఏ తీగ ఎక్కడ పెట్టాలో తమ్ముడికీ పాపకీ చూపించి, రెండిటికీ ఎర్ర టేపు చుట్టాను.

మిగిలిన పని

డాబా గదికి తీగ చేరింది గాని యాక్సెస్ పాయింటు బిగించలేదు. తీగ గోడలోకి దూరే చోట కిందికి ఒక ఒంపు ఇచ్చి వదిలాం, వాన నీరు ఆ ఒంపు నుంచి చుక్కలుగా రాలిపోయి రంధ్రంలోకి పోకుండా. పై కొసకి సర్జ్ అరెస్టరు (ఎగదన్నిన వోల్టేజీని నేలకి మళ్లించేది) పెట్టి ఎర్తింగుకి కలపాలి. ఎర్తు గుంటలో ఉప్పూ బొగ్గూ మార్చి ఎన్నాళ్లయిందో నాన్నగారికి కూడా గుర్తు లేదు. ముందు అది చూడాలి. భాయినా వినాయక చవితి దాటాక వస్తానన్నాడు. ఈలోగా ప్యాచ్ ప్యానెల్ మీద ఒడియా, తెలుగు రెండిట్లోనూ చీటీలు అతికిస్తున్నాను. తెలుగు చీటీలు పాప రాస్తోంది. "రెండో అంతస్తు" దాకా వచ్చింది. "మగ్గం గది" మిగిలింది.